సంచి అంటే ఏమిటో తేల్చిన అడవి

ఒక పెద్ద అడవిలో, అంటే మరీ పెద్దదని కాదు, ఒక ఆఫీసు పెట్టుకుని దాన్ని పోషించగలిగేంత పెద్ద అడవిలో, ఏటి ఒడ్డున సుంకం చౌకీ ఒకటి ఉండేది.

అడవికి చౌకీ ఎందుకని నన్నడక్కండి. నేనూ అడిగాను, ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఏటికి అవతల ఇంకో అడవి ఉంది. ఆ అడవి రాజు తన ఒడ్డున ఒక తాడు కట్టించి, ఇవతల నుంచి వెళ్ళే ప్రతి సరుకులోనూ వాటా పుచ్చుకోవడం మొదలెట్టాడట. మన సింహం రాజుగారికి ఒళ్ళు మండింది. "వాడికి తాడుంటే మనకి లేదా?" అని ఇవతల ఒడ్డునా ఒకటి కట్టించారు. తాడంటూ కట్టాక దాన్ని ఎత్తి దించడానికి ఒకడుండాలి. వాడి మీద ఒక అధికారి ఉండాలి. ఆ అధికారికి తెలియనివి చెప్పడానికి ఒక పండితుడుండాలి. అలా చౌకీ తయారైంది.

తాడు దగ్గర ఓండ్రయ్య అనే గాడిదని పెట్టారు. ఊళ్ళో బట్టల మూటలు మోసి మోసి విసుగెత్తి అడవికి పారిపోయి వచ్చినవాడు. చెప్పింది చేస్తాడు. చెప్పంది చెయ్యడు. అది మంచి గుణమని అప్పట్లో అందరూ అనుకున్నారు.

అధికారి బరువయ్య, ఎలుగుబంటి. పొద్దున్నే వచ్చి రాతి మీద కూచుంటే మళ్ళీ సాయంత్రానికే లేవడం. పండితుడు డిప్పయ్యగారు, తాబేలు. ఎంతకాలంగా బతుకుతున్నారో ఆయనకే గుర్తులేదు. అడిగిన దానికి వెంటనే జవాబు చెప్పడం అగౌరవమని ఆయన నమ్మకం.

తాడు పక్కన ఒక ఎండు మాను ఉంది. దాని మీద వడ్రంగిపిట్ట చేత సుంకాల రేట్లన్నీ చెక్కించారు. సరుకులో ఎంత వాటా కోసుకోవాలో పై నుంచి కిందికి రాసుంటుంది. మూటకట్టే గోతానికి ఇరవయ్యింట ఒకటి. భుజాన మోసే సంచికి మూడింట ఒకటి. కాపురముండే గూటికి సగం. ఒకే సరుకుకి రెండు పేర్లు తగిలితే మాను మీద ఏది కిందుంటే అది ఖాయం. మాను మీద అసలు పేరే లేని సరుకైతే సుంకమే లేదు. ఇవీ రూల్సు. బాగానే ఉన్నాయి కదా? రూల్సెప్పుడూ బాగానే ఉంటాయి.

ఇక మన చారలమ్మ సంగతి. ఆవిడ ఉడుత. ఏటి గట్టున మద్దిచెట్టు తొర్రలో కాపురం, నలుగురు పిల్లలు. పోయిన వానాకాలం తొర్రలోకి నీళ్ళు దిగి దాచుకున్న గింజలన్నీ బూజు పట్టాయి. గతిలేక అవే తిన్నారు. ఆఖరిది బుడిగి ఆ బూజు గింజలు తిని చచ్చి బతికింది. పిల్ల కళ్ళు తేలేసిన రోజు చారలమ్మ ఒట్టు పెట్టుకుంది, మళ్ళీ వానాకాలానికి ఒక్క గింజ కూడా తడవనివ్వనని.

అవతలి అడవిలో గిజిగాళ్ళు సంచులు నేస్తారు. గడ్డి పోచల్లో బూరుగు దూది కలిపి, వేలు దూరనంత బిగువుగా. కొమ్మకి వేలాడదీస్తే ఎంత వానొచ్చినా లోపల పొడిగా ఉంటుంది. గిజిగాడి గూట్లో చినుకు పడ్డం ఎవరైనా చూశారా? మద్దిచెట్టు ఉడుతలంతా కలిసి, ఎండాకాలమంతా ఏరుకున్న ఇప్పగింజల్లో సగం వాళ్ళకిచ్చి, ఇంటికి రెండేసి చొప్పున సంచులు నేయించుకున్నారు. మిగిలిన సగం గింజలతోనే వానాకాలం గడవాలి. అవి తడిస్తే ఇంకేమీ లేదు.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో సంచుల తెప్ప వచ్చింది. ఓండ్రయ్య తాడు దించాడు. సంచులన్నీ చౌకీ పక్కన కుప్ప పోశారు.

కుప్పని అందరికంటే ముందు చూసినవాడు కొమ్మలరాజు. కోతి. ఆకుబుట్టల సంఘానికి అధ్యక్షుడు. టేకాకులకి ముళ్ళు గుచ్చి బుట్టలు కట్టి అడవంతా అమ్మడం ఆ సంఘం పని. దారిలో కనబడిందంటూ ఒక తేనెపట్టు చంకన పెట్టుకుని తిన్నగా బరువయ్య దగ్గరికి వచ్చాడు.

"బరువయ్యన్నా, మన అడవి ఏమైపోవాలనుకుంటున్నావు?"

"ఏమైంది తమ్ముడూ?" అన్నాడు బరువయ్య, తేనెపట్టు వైపు చూస్తూ.

"పరాయి అడవి సంచులొస్తే మన బుట్టలెవరు కొంటారు? మన బుట్టంటే ఏమిటి? మన ఆకు, మన ముల్లు. పైగా మొదటి వానకే చిరిగిపోతుంది, మళ్ళీ కొనాలి. దాన్నే పరిశ్రమ అంటారు. ఆ గిజిగాడి సంచి చూడు, ఏళ్ళతరబడి చిరగదట. వాడికి సిగ్గుందా?"

"నిజమే గానీ, సుంకం కడితే ఏ సరుకైనా లోపలికి రావచ్చని రాజుగారి ఆజ్ఞ. నేను ఆపితే నా ఉద్యోగం ఆగిపోతుంది."

మూలనున్న డిప్పలోంచి మెడ ఒకటి మెల్లిగా బయటికి వచ్చింది. ఇద్దరూ ఓపిగ్గా చూశారు. మెడ పూర్తిగా వచ్చేసరికి కొమ్మలరాజు రెండుసార్లు వీపు గోక్కున్నాడు.

"ఆపక్కర్లేదు," అన్నారు డిప్పయ్యగారు. "ఆపితే తప్పు. వర్గీకరిస్తే తప్పు లేదు."

"అంటే ఏమిటండీ?"

"అది గోతమా, సంచా, గూడా అని తేల్చాలి. తేలందే ఎంత సుంకమో తెలీదు. సుంకం తెలియందే వదలలేం. మనం వద్దనడం లేదు. తేలుస్తున్నాం, అంతే."

"ఎంతకాలం తేలుస్తారు?" అన్నాడు కొమ్మలరాజు ఆశగా.

"వానలెప్పుడు?"

"మృగశిర కార్తెకి."

"అయితే మృగశిర దాకా," అని డిప్పయ్యగారు మెడ లోపలికి తీసుకున్నారు.

మర్నాడు చారలమ్మని పిలిచారు. డిప్పయ్యగారు సంచి ఒకటి ముందేసుకుని వాసన చూశారు.

"ఇది దూదా, గడ్డా?"

"రెండూనండి. పడుగు గడ్డి, పేక దూది."

"ఏది ఎక్కువ?"

"నేనెక్కడ చూశానండీ? నేసినవాడు గిజిగాడు. గింజ తడవదన్నాడు, అది చాలనుకున్నాను."

"అలా అనుకుంటే ఎలాగమ్మా? దూదైతే ఒక లెక్క, గడ్డైతే ఒక లెక్క."

కాబట్టి సంచి విప్పారు. బరువయ్య గోళ్ళతో పోచపోచా లాగి, దూది ఒక కుప్ప, గడ్డి ఒక కుప్ప పెట్టాడు. డిప్పయ్యగారు రెండు కుప్పల్నీ తేరిపార చూసి ఇంకా పెదవి కదిపేలోగా ఏటి గాలి ఒకటి విసురుగా వచ్చి దూదంతా ఎగరగొట్టేసింది.

"గడ్డే ఎక్కువ," అని తీర్మానించారు ఆయన.

"నా సంచి!" అంది చారలమ్మ.

"నమూనా అమ్మా. ప్రతి పరీక్షకీ ఒక నమూనా పోతుంది. రేపు రా."

మర్నాడు వెళ్ళింది.

"దీన్ని దేనికి వాడతావు?"

"గింజలు దాచుకోడానికండి."

"ఓహో. గింజల గోతమన్నమాట."

చారలమ్మ ప్రాణం లేచొచ్చింది. గోతమైతే ఇరవయ్యింట ఒకటే. "అవునండి, గోతమేనండి, బాబ్బాబు, గోతమని రాసేసుకోండి!"

"ఉండమ్మా. దీన్ని కొమ్మకి వేలాడదీస్తావా లేదా?"

"దియ్యకపోతే తడుస్తుంది కదండీ."

"గోతం ఎక్కడైనా వేలాడుతుందా? కొమ్మకి వేలాడేదాన్ని గూడంటారు."

"గూడేమిటండీ! అందులో ఎవరూ కాపురముండరు."

సరిగ్గా అప్పుడే సంచిలోంచి ఒక చీమ బయటికి వచ్చి, అందర్నీ చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. డిప్పయ్యగారు బరువయ్య కేసి చూసి కళ్ళు మూసుకున్నారు, అంతే. చారలమ్మకి ఆ చీమని నమిలేద్దామన్నంత కోపం వచ్చింది.

ఆ మరుసటి పరీక్ష మన్నిక గురించి. చాలాకాలం మన్నేదైతేనే అది సంచట. కొన్నాళ్ళకే పోయేదైతే గోతమట. మన్నుతుందో లేదో వాడి చూస్తే గానీ తెలీదు కనక బరువయ్య తనే ఒక సంచి తీసుకెళ్ళి అందులో తేనెపట్లు కుక్కుకున్నాడు. మూతి పెట్టి నాకాడు. తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆఖరికి దానిమీదే కూచున్నాడు. ఎలుగుబంటి కూచుంటే కొండరాయే కుంగుతుంది, సంచెంత?

"చిరిగింది. కానీ నేను కూచోబట్టి చిరిగింది. లేకపోతే చిరగదేమో. ఇంకో నమూనా కావాలి," అన్నాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, అదీ వరస. ఇలా పరీక్ష తర్వాత పరీక్ష. కుప్ప తరుగుతోంది. ఆకాశంలో అక్కడక్కడ మబ్బులు తిరుగుతున్నాయి. చారలమ్మ ఇంటికెళితే బుడిగి అడిగేది, "అమ్మా, మన సంచులు ఏవి?" అని. "ఇంకా సంచులో కాదో తేలలేదే," అని చెప్పి గింజల మీద ఆకులు కప్పి పడుకునేది. నిద్ర పట్టేది కాదు.

ఒకరోజు మద్దిచెట్టు ఉడుతల్లో ఒక ముసలావిడ అంది, "సంచంటేనే కదే గొడవ? టోపీ అను. మాను మీద టోపీ ఉందా?"

చారలమ్మ గబగబా వెళ్ళి మాను పై నుంచి కింది దాకా చదువుకుంది. పళ్ళున్నాయి, దుంపలున్నాయి, ఈకలున్నాయి, కొమ్ములున్నాయి. టోపీ లేదు!

మర్నాడు పొద్దున్నే ఉడుతలంతా చౌకీకి వెళ్ళి, కుప్పలోంచి తలా ఒక సంచి తీసి నెత్తిన బోర్లించుకున్నారు. గిజిగాడి సంచంటే మాటలా, ఉడుతకి తోకదాకా వచ్చింది. కళ్ళు కనబడక ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ తాడు దగ్గరికి వచ్చారు.

"ఓండ్రయ్యా, తాడెత్తు. ఇవి టోపీలు," అంది లోపల్నుంచి చారలమ్మ.

ఓండ్రయ్య మాను చదివాడు. మళ్ళీ ఒకసారి చదివాడు. "మాను మీద టోపీ లేదు. లేనిదానికి సుంకం లేదు," అని తాడు పట్టుకున్నాడు.

"దించరా! దించు!" అంటూ చెట్టు మీంచి దూకాడు కొమ్మలరాజు. ఆ కేకకి బరువయ్య పొద్దున్నే రాతి మీంచి లేచాడు. చౌకీ చరిత్రలో అది మొదటిసారి.

"టోపీ ఏమిట్రా గాడిదా! సంచిరా అది!" అన్నాడు.

ఓండ్రయ్యకి కోపం రాలేదు. గాడిదని గాడిద అంటే కోపమెందుకు? "అయ్యా, సంచని ఎలా తెలుస్తుంది? ఏం చూసి ఆపాలో చెప్పండి. అది చూసి ఆపుతా. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

సబబైన ప్రశ్న. ఇన్ని రోజులుగా తేలుస్తున్న చౌకీకి ఆ ప్రశ్న ఇంతవరకూ తట్టలేదు మరి. ఉడుతల్ని పక్కకి నించోబెట్టి, సంచంటే ఏమిటో రాయడానికి ముగ్గురూ కూచున్నారు. ఈసారి డిప్పయ్యగారు కూడా తొందరపడ్డారు.

"గుడ్డగా నేసి, పైన పట్టుకునే పట్టీ ఉండి, భుజాన మోసుకెళ్ళేది సంచి," అన్నారు ఆయన.

"పట్టీ అంటే కుదరదు," అన్నాడు కొమ్మలరాజు. "పట్టీ కోసి పారేసి సంచి కాదంటుంది. తీసెయ్యండి."

తీసేశారు.

"నేసి అంటే, నెయ్యలేదు అల్లాననొచ్చు," అన్నాడు బరువయ్య.

అదీ తీసేశారు.

"గుడ్డన్నది ఎందుకండీ? తోలుతో కుట్టించి తెస్తుంది, మళ్ళీ మొదటికొస్తాం." గుడ్డ పోయింది. "భుజానన్నదీ వద్దు, నెత్తిన పెట్టుకొచ్చింది చూశారుగా." భుజమూ పోయింది. మాట పోయినకొద్దీ కొమ్మలరాజుకి హుషారు పెరిగింది. ఒక్కొక్క మాట తీస్తుంటే ఉడుత పారిపోయే సందు ఒక్కొక్కటే మూసుకుపోతోందని వాడి లెక్క. ఆఖరికి మిగిలింది ఇదీ:

'లోపల చోటుండి, ఒక పక్క తెరుచుకుని, పెట్టుకున్నది పైకి కనబడకుండా మోసుకొచ్చేది ఏదైనా సంచే. దేంతో చేసినా, ఎవరిదైనా, ఏ పేరు పెట్టినా సంచే. అందులో సగం సుంకం.'

"ఎవరికీ మినహాయింపు లేదని కూడా రాయండి," అన్నాడు కొమ్మలరాజు. "లేకపోతే రేపు రాణీగారి కాళ్ళ మీద పడి ఏడుస్తుంది."

"రాద్దాం," అన్నారు డిప్పయ్యగారు.

అప్పుడు చారలమ్మ నెత్తిమీది సంచి తీసేసి ముందుకొచ్చింది. కోపంతో మీసాలు వణికిపోతున్నాయి.

"అయ్యవారూ, నేను కష్టపడి ఏరిన గింజల్లో సగం గిజిగాళ్ళకిచ్చాను. ఇప్పుడు సంచుల్లో సగం మీకివ్వాలి. నమూనాలకి పోయినవి పోగా ఇంక నాకేం మిగులుతుంది? నా పిల్లలు మళ్ళీ బూజు తినాలా?"

"చట్టం అమ్మా. చట్టానికి పిల్లలుండరు."

"పోనీ, ఎవరికీ మినహాయింపు లేదంటే ఎవరికీ లేనట్టేనా? కొమ్మలరాజు బావకి కూడానా?"

"చట్టం ముందు అందరూ సమానం," అన్నారు డిప్పయ్యగారు, మెడ ఎన్నడూ లేనంత బయటికి సాగదీసి.

"అయితే ఆ ముక్క ఓండ్రయ్యకి కూడా గట్టిగా చదివి వినిపించండి."

ఆవిడకి అప్పుడే ఏదో తట్టి అందో, ఒళ్ళుమండి అందో నాకు తెలీదు. డిప్పయ్యగారు మాత్రం గట్టిగా చదివి వినిపించారు. ఓండ్రయ్య చెవులు రిక్కించి విన్నాడు. వడ్రంగిపిట్ట మాను అడుగున టకటకా చెక్కేసింది. అప్పటికే పొద్దుగూకింది. సంచులన్నీ మళ్ళీ కుప్పలో వేయించి, సగం మర్నాడు కోసుకుంటామని చెప్పి పంపేశారు.

అన్నట్టు ఒక సంగతి చెప్పడం మరిచాను. మన అడవి సరుకే వాడాలని అందరికీ చెప్పే కొమ్మలరాజు, రోజూ తెల్లారేసరికి తీగ పట్టుకుని ఏరు దాటి, అవతలి ఒడ్డున నేరేడు పళ్ళు కడుపారా తిని, మిగిలినవి రెండు బుగ్గల్లోనూ కుక్కుకుని వచ్చేస్తాడు. కోతి బుగ్గంటే మీకు తెలుసుగా, ఒక చెట్టు కాయలు పట్టేస్తాయి. పళ్ళ మీద సుంకమున్నా ఇన్నాళ్ళూ ఎవరూ ఆపలేదు, కనబడవు కాబట్టి.

మర్నాడు కూడా అలాగే వచ్చాడు. ఆకాశం నల్లగా ఉంది. ఉడుతలు తాడు పక్కన దిగులుగా కూచుని ఉన్నారు.

"ఆగు," అన్నాడు ఓండ్రయ్య.

"మ్మ్?" అన్నాడు కొమ్మలరాజు.

"లోపల చోటుంది. ఒక పక్క తెరుచుకుంటుంది. పెట్టుకున్నది పైకి కనబడదు. అవతల నుంచి మోసుకొచ్చావు. సంచి."

కొమ్మలరాజు పళ్ళన్నీ ఒక్క గుక్కలో మింగి, "ఇది బుగ్గరా! నా బుగ్గ! మా అమ్మ కన్న బుగ్గ!" అని అరిచాడు.

"ఏ పేరు పెట్టినా సంచే అని రాసుంది. రెండు సంచులు. సగమంటే ఒకటి." ఓండ్రయ్య రెండు బుగ్గల్నీ మార్చి మార్చి చూశాడు. "ఏ బుగ్గ వదులుతావో నువ్వే చెప్పు. నాకు ఏదైనా ఒకటే."

ఉడుతల్లో మొదట ఎవరు నవ్వారో గానీ, తర్వాత ఎవరూ ఆగలేదు. చారలమ్మ కూడా నవ్వింది, ఆ దిగుల్లోనే, కళ్ళు తుడుచుకుంటూ.

"బరువయ్యన్నా!" అని కొమ్మలరాజు గోల పెట్టాడు. "చెప్పన్నా వీడికి!"

బరువయ్య మాను చూశాడు. కొమ్మలరాజుని చూశాడు. "మినహాయింపు లేదని నువ్వే రాయించావు కదా తమ్ముడూ. చెక్కిన మాట మార్చాలంటే రాజుగారు రావాలి," అని తల గోక్కున్నాడు.

రాజుగారు వచ్చారు. అవతలి రాజుగారింట విందుకి వెళ్ళి, ఒక దున్నపోతు మొత్తం ఆరగించి, తెప్ప మీద పడుకుని తిరిగొస్తున్నారు. తెప్ప దిగి అడుగు తీసి అడుగు వెయ్యడమే కష్టంగా ఉంది. పొట్ట ఇసక మీద గీత గీసుకుంటూ వస్తోంది.

"ప్రభూ, ఆగాలి," అన్నాడు ఓండ్రయ్య.

బరువయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఎవర్రా?"

"ఓండ్రయ్యని ప్రభూ. లోపల చోటుంది. ఒక పక్క తెరుచుకుంటుంది. పెట్టుకున్నది పైకి కనబడదు. అవతల నుంచి మోసుకొచ్చారు. సంచి. సగం సుంకం."

రాజుగారికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక గర్జించారు. కానీ నిండు పొట్ట కదా, గర్జన మధ్యలో త్రేన్పు వచ్చింది.

"నా పొట్ట సంచా? నా పొట్టలో సగం ఎలా తీస్తావురా?"

"తియ్యడం నా పని కాదు ప్రభూ. నమూనా తీసేది డిప్పయ్యగారు."

అందరూ డిప్పయ్యగారి వైపు తిరిగారు. ఆయన ఎంత వేగంగా కదలగలరో ఆ రోజే అడవికి తెలిసింది. మెడా కాళ్ళూ చటుక్కున లోపలికి పోయాయి. ఓండ్రయ్య దగ్గరికెళ్ళి డిప్ప చుట్టూ తిరిగి చూశాడు.

"ఇదిగో ప్రభూ, ఇంకోటి. పొద్దున్నే అవతలి ఒడ్డు దాకా ఈదుకెళ్ళి వచ్చారు. లోపలేముందో పైకి కనబడ్డం లేదు."

"ఈ రాత ఎవరు రాయించార్రా?" అన్నారు రాజుగారు, పంజాతో మానుని కొట్టి.

"డిప్పయ్యగారు ప్రభూ," అన్నాడు బరువయ్య. "బరువయ్యగారు," అంది డిప్ప లోపల్నుంచి ఒక గొంతు. "ఉడుత వల్ల ప్రభూ, అంతా ఆ ఉడుత సంచుల వల్ల!" అన్నాడు కొమ్మలరాజు.

టపటపమని చినుకులు మొదలయ్యాయి.

చారలమ్మ ఆ చినుకులు చూసి ఇంక ఆగలేకపోయింది. ఉరికొచ్చి రాజుగారి ముందు నించుంది. "ప్రభూ, నా పిల్లల గింజలు అక్కడ తడుస్తున్నాయి, సంచులు ఇక్కడ తడుస్తున్నాయి. ఇవి గోతాలో గూళ్ళో మీ ఇష్టం. నన్ను మాత్రం పోనివ్వండి."

రాజుగారు ఆవిడ మాట విన్నారో లేదో. ఆయన బాధ ఆయనది. చెక్కిన రాత చెరిపేస్తే, సొంత చట్టం సొంత పొట్టకే తగిలిందట అని అవతలి రాజు పదేళ్ళు నవ్వుతాడు. చెరపకపోతే ఈ గాడిద కదలనివ్వడు. వాన పెరుగుతోంది. దున్నపోతు లోపల అటూ ఇటూ సర్దుకుంటోంది.

"వినండి!" అన్నారు ఆఖరికి. "రాత అలాగే ఉంటుంది. మన చట్టం దివ్యంగా ఉంది. కానీ ఈ అడవిలో సంచి అనేది లేదు! నా పొట్ట సంచి కాదు. వాడి బుగ్గలు సంచులు కావు. ఆ డిప్పా కాదు. ఈ తాడు దగ్గరున్నదేదీ సంచి కాదు. ఇది రాజాజ్ఞ!"

"చిత్తం," అన్నాడు ఓండ్రయ్య. తర్వాత కుప్ప వైపు తిరిగాడు. "ఇవీ కావా ప్రభూ?"

"ఏవీ కావన్నానా! తాడెత్తు!"

"సంచి కాకపోతే సుంకం లేదు. తీసుకుపో అమ్మా," అని ఓండ్రయ్య తాడు ఎత్తేశాడు.

రాజుగారు కిందనుంచి దూరి ఇంటికెళ్ళారు. ఉడుతలు కుప్ప మీద పడ్డారు. లాగేవాళ్ళు లాగారు, దొర్లించేవాళ్ళు దొర్లించారు. చారలమ్మ తన వంతుకి మిగిలిన ఒక్క సంచినీ పళ్ళతో కరచుకుని వెనక్కి నడుస్తూ మద్దిచెట్టు దాకా ఈడ్చుకెళ్ళింది. తొర్రలోకి అప్పుడే నీళ్ళు దిగుతున్నాయి. పిల్లలు నలుగురూ గింజలు అందించారు, ఆవిడ నింపింది. అడుగునున్నవి కొన్ని తడిసిపోయాయి, వాటిని ఏట్లో పారబోసింది. మిగిలినవి కొమ్మకి వేలాడాయి. వాన చీకటి పడేదాకా దంచికొట్టింది. తెరిపిచ్చాక చారలమ్మ సంచిలో చెయ్యి పెట్టి ఒక గింజ తీసి చెంపకి ఆనించి చూసుకుంది. పొడిగా ఉంది. దాన్ని బుడిగి చేతిలో పెట్టి, గట్టిగా ఏడ్చేసింది.

ఆ వానకే ఆకుబుట్టలన్నీ అడవంతా నాని ముద్దయ్యాయి. రెండ్రోజుల తర్వాత కొమ్మలరాజు మద్దిచెట్టు కిందికి వచ్చి నించున్నాడు.

"చారలమ్మొదినా, ఒక్కటి... అదే... అది ఒకటి ఇప్పిస్తావా?"

"ఏది బావా?"

కొమ్మలరాజు అటూ ఇటూ చూశాడు. రాజాజ్ఞ మరి, ఆ పేరుతో అడవిలో ఏదీ లేదు. "అదే... కొమ్మకి వేలాడుతోందే, అది."

"అదేమిటో తేలాక రా," అని చారలమ్మ తొర్రలోకి వెళ్ళిపోయింది.

డిప్పయ్యగారి ఉద్యోగానికి ఏ లోటూ రాలేదు. సంచి కానప్పుడు అవి ఏమిటో తేల్చే పని ఆయనకే అప్పగించారు. ఇప్పటికీ తేలుస్తూనే ఉన్నారు. గిజిగాళ్ళ తెప్ప మాత్రం ప్రతి రోహిణి కార్తెకీ వస్తోంది, వెళుతోంది.

నీతి: అన్యాయం మీ ఒక్కరికే జరుగుతుంటే ఆపమని మొరపెట్టుకోకండి, అందరికీ సమానంగా జరిపించమని అర్జీ పెట్టుకోండి.